మొదటి వెబ్‌సైటు, 84 రోజులు: నా అనుభవం

జూన్ 2న ఖాళీ ఫోల్డరుతో మొదలుపెట్టాను, ఆగస్టు 24న చివరి తప్పు దిద్దాను. రోజుకు గంటన్నర చొప్పున, పని చేయని రోజులు తీసేస్తే మొత్తం 120 గంటలు. తయారైంది చిన్న సైటే: భౌతికశాస్త్రంలో 60 పదాలు, వాటికి తెలుగులో అర్థాలు, కొన్ని బొమ్మలు, పైన ఒక సెర్చ్ బాక్సు. ఏ రోజు ఎంతసేపు దేనికి పోయిందో నోటుపుస్తకంలో రాసుకున్నాను. పేజీలో ఏముందో ట్యాగులతో చెప్పే హెచ్‌టీఎంఎల్‌కు 15 గంటలు, అది ఎలా కనిపించాలో చెప్పే సీఎస్‌ఎస్‌కు 50, పేజీ చేత పనులు చేయించే జావాస్క్రిప్ట్‌కు 35, నెట్‌లోకి ఎక్కించడానికి 8, అర్థాలకూ బొమ్మలకూ 12.

నేను భయపడింది జావాస్క్రిప్ట్‌కు. ఎక్కువ గంటలు మింగింది సీఎస్‌ఎస్. అది అంత కష్టమైనదని కాదు. జావాస్క్రిప్ట్‌లో తప్పు రాస్తే బ్రౌజర్ ఎర్ర అక్షరాల్లో చెబుతుంది. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ తప్పు రాస్తే ఏమీ అనదు, తనకు తోచినట్టు సర్దుకుని పేజీ చూపించేస్తుంది. ఈ 84 రోజుల్లో నన్ను ఏడిపించిన ప్రతి తప్పూ ఇలా మౌనంగా ఉన్నదే. అందుకే పాఠాలకంటే ఆ తప్పుల గురించే ఎక్కువ రాస్తున్నాను.

జూన్ 2, మొదటి సాయంత్రం. నోట్‌ప్యాడ్‌లో నాలుగు లైన్లు రాసి ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని సేవ్ చేశాను. దాని మీద క్లిక్ చేస్తే మళ్లీ నోట్‌ప్యాడే తెరుచుకుంది. అరగంట తర్వాత తెలిసింది, ఫైలు అసలు పేరు ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ డాట్ టీఎక్స్‌టీ అని. విండోస్‌లో ఎక్స్‌టెన్షన్లు మామూలుగా కనిపించవు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తే కనిపిస్తాయి. ఆ పని అన్నిటికంటే ముందు చేసుకోండి. మర్నాడు వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌కు మారాను. అందులో ఖాళీ హెచ్‌టీఎంఎల్ ఫైలు తెరిచి ఆశ్చర్యార్థకం కొట్టి ట్యాబ్ నొక్కితే పేజీ అస్థిపంజరం మొత్తం వచ్చేస్తుంది: డాక్‌టైప్, హెడ్, బాడీ, రెండు మెటా ట్యాగులు.

అలా వచ్చిన ప్రతి లైనూ దేనికో తెలుసుకోకుండా వదలకండి. వాటిలో రెండింటిని అనవసరం అనుకుని తీసేశాను, రెండూ తర్వాత నా పని పట్టాయి. మొదటిది క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని చెప్పే మెటా ట్యాగ్. నా కంప్యూటర్లో అది లేకపోయినా తెలుగు చక్కగా వచ్చింది, ఎందుకంటే బ్రౌజర్ తనంతట తానే ఊహించుకుంది. అదే ఫైలు స్నేహితుడికి పంపితే అతని ఫోనులో ఒక్కో తెలుగు అక్షరం చోట మూడేసి వింత గుర్తులు కనిపించాయి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడు బైట్లు పడతాయి. ఆ మూడింటినీ విడివిడి అక్షరాలుగా చదివితే వచ్చేది ఆ గందరగోళమే. ఈ ట్యాగ్ ఫైలు మొదటి 1024 బైట్లలోపే ఉండాలి కాబట్టి హెడ్‌లో మొట్టమొదట పెట్టేయండి. రెండోది వ్యూపోర్ట్ ట్యాగ్. దాని సంగతి జులైలో తెలిసింది, కింద చెబుతాను. ఇంకొకటి: తయారుగా వచ్చే అస్థిపంజరంలో పేజీ భాష ఇంగ్లీషు అని ఉంటుంది. దాన్ని టీఈ అని మార్చాలి. మార్చకపోతే కంటికి ఏమీ తేడా ఉండదు గానీ, పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోతుంది.

హెచ్‌టీఎంఎల్ ట్యాగులు వారంలో చేతికి అలవాటయ్యాయి. ట్యాగ్ మూయడం మరిచిపోతే వచ్చే తంటాలే కొత్త. స్ట్రాంగ్ ట్యాగ్ ఒకటి మూయలేదు, అక్కడి నుంచి పేజీ చివరిదాకా అన్నీ బొద్దు అక్షరాలైపోయాయి. అది నయం, కంటికి కనిపించింది. పేరా ట్యాగ్ లోపల డివ్ అనే పెట్టెలాంటి ట్యాగ్ పెట్టినప్పుడు ఏమీ కనిపించలేదు. పేరాలో డివ్ ఉండకూడదు కాబట్టి బ్రౌజర్ డివ్ రాగానే పేరాను తానే మూసేసింది. పేరాకు నేనిచ్చిన రంగు లోపలి మాటలకు ఎందుకు రావడం లేదో రెండు సాయంత్రాలు అర్థం కాలేదు. ఎఫ్12 నొక్కితే తెరుచుకునే డెవలపర్ టూల్స్‌లో ఎలిమెంట్స్ ప్యానెల్ చూపేది నేను రాసిన ఫైలును కాదు, బ్రౌజర్ సర్దుకున్న రూపాన్ని. నా ఫైలునూ ఆ రూపాన్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తేడా దొరికింది. ఆ రోజు నుంచి ప్రతి పేజీనీ హెచ్‌టీఎంఎల్ తప్పులు పట్టే డబ్ల్యూ3సీ వాలిడేటర్‌లో వేసి చూస్తున్నాను. లైను నంబరుతో సహా చెబుతుంది. మొదటిసారి 23 తప్పులు చూపించింది, చూసి నీరుగారిపోయాను. పైనున్న ఒక్కటి దిద్దేసరికి 9 మిగిలాయి. ఒక తప్పు వెనకే పది పుట్టుకొస్తాయి, ఎప్పుడూ మొదటిదాన్నే దిద్ది మళ్లీ పరీక్షించాలి.

జూన్ 11 నుంచి సీఎస్‌ఎస్. మొదటి నియమమే పనిచేయలేదు. శీర్షికకు నీలిరంగు ఇచ్చాను, నల్లగానే ఉంది. కలర్ అనే మాటను స్కూల్లో నేర్చుకున్న బ్రిటిష్ స్పెల్లింగుతో, యూ అక్షరం కలిపి రాశాను. సీఎస్‌ఎస్‌కు అమెరికన్ స్పెల్లింగే తెలుసు. సెంటర్ విషయంలోనూ అంతే. తెలియని మాట కనిపిస్తే సీఎస్‌ఎస్ ఆ లైనును పక్కన పెట్టి ముందుకు పోతుంది. సెమికోలన్ మరిచిపోతే ఇంకా అన్యాయం: ఆ లైనూ, దాని కింది లైనూ రెండూ పోతాయి. ఎందుకంటే కింది లైను కూడా పై దాని విలువలో భాగమే అనుకుంటుంది. మూసే మీసాల బ్రాకెట్ మరిచిపోతే ఆ తర్వాతి నియమాలన్నీ గల్లంతు.

దీనికి మందు కూడా ఎఫ్12లోనే ఉంది. పేజీలో ఆ భాగం మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కితే స్టైల్స్ ప్యానెల్‌లో దానికి వర్తించే నియమాలన్నీ వరుసగా ఉంటాయి. కొట్టివేత గీతతో పాటు పసుపు త్రికోణం ఉంటే స్పెల్లింగో విలువో తప్పు. గీత మాత్రమే ఉంటే నియమం సరైనదే, దాన్ని మించిన మరో నియమం గెలిచింది. నియమం అసలు అక్కడ లేకపోతే సెలెక్టర్ (అది దేనికి వర్తించాలో చెప్పే మొదటి భాగం) తప్పు, లేదా ఫైలే లోడ్ కాలేదు. ఈ మూడు ముక్కలు నాకు జూన్ 24న తెలిశాయి. అప్పటిదాకా 13 రోజులు కోడ్‌ను కళ్లు కాయలు కాసేలా చూస్తూ కూర్చున్నాను. మొదటి రోజే తెలిసి ఉంటే సీఎస్‌ఎస్ 30 గంటల్లో తేలేదని నా అంచనా.

గెలిచే నియమం సంగతి కొంచెం చెప్పాలి. ఐడీ అంటే పేజీలో ఒక్కదానికే పెట్టే పేరు, క్లాస్ అంటే ఎన్నిటికైనా పెట్టగల పేరు. ఐడీతో రాసిన నియమం క్లాస్‌తో రాసినదాన్ని, క్లాస్‌తో రాసినది ట్యాగ్ పేరుతో రాసినదాన్ని ఓడిస్తుంది. రెండూ సమానమైతే ఫైలులో కింద ఉన్నది గెలుస్తుంది. మొదట్లో అన్నిటికీ ఐడీలు పెట్టి, వాటిని మించడానికి ఇంపార్టెంట్ అని తగిలించి, ఆ ఇంపార్టెంట్లను మించడానికి ఇంకొన్ని తగిలించాను. జూన్ 28న ఫైలంతా చెరిపేసి క్లాసులతోనే మళ్లీ రాశాను. 300 లైన్లు 110 అయ్యాయి. చెరిపేటప్పుడు మనసు ఒప్పుకోలేదు, రాశాక మాత్రం ఏ నియమం ఎందుకు పనిచేస్తోందో మొదటిసారి పూర్తిగా తెలిసింది.

వెడల్పు లెక్క మరో చిక్కు. 300 పిక్సెల్స్ వెడల్పు ఇచ్చిన పెట్టెకు రెండు వైపులా 20 పిక్సెల్స్ ప్యాడింగ్ (లోపలి ఖాళీ), 5 పిక్సెల్స్ అంచు కలిపితే అది తెర మీద 350 పిక్సెల్స్ ఆక్రమిస్తుంది. పక్కపక్కన పట్టాల్సిన పెట్టెలు కిందికి జారడానికి కారణం ఇదే. ఫైలు పైన అన్ని ఎలిమెంట్లకూ బాక్స్-సైజింగ్ బార్డర్-బాక్స్ అని ఒక్క నియమం రాస్తే ప్యాడింగ్, అంచు లోపలే ఇమిడిపోయి 300 అంటే 300 గానే ఉంటుంది.

పెట్టెలను వరుసలో సర్దే ఫ్లెక్స్‌బాక్స్ దగ్గర అందరూ ఆగే చోటే నేనూ ఆగాను: అడ్డంగా మధ్యలోకి వస్తోంది, నిలువుగా రావడం లేదు. కంటెయినర్, అంటే బయటి పెట్టె, ఎత్తు లోపలి మాటలంతే ఉంటే, నిలువుగా మధ్యకు జరపడానికి ఖాళీ ఎక్కడుంటుంది? కంటెయినర్‌కు కనీస ఎత్తు ఇస్తే వెంటనే వచ్చింది. తెర ఎత్తంతా అని 100 వీహెచ్ ఇస్తే ఫోనులో అడ్రస్ బార్ కింద కొంత దాగిపోతుంది, 100 డీవీహెచ్ ఇస్తే సరిపోతుంది. పదాల కార్డుల కోసం గడులుగా సర్దే గ్రిడ్ వాడాను. ఒక్కో కార్డుకు కనీసం 240 పిక్సెల్స్, మిగిలిన చోటు సమానంగా పంచుకోవాలి అని చెబితే, తెరను బట్టి ఒకటో మూడో నాలుగో నిలువు వరుసలు తానే వేసుకుంది. గంటసేపు దాన్నే చిన్నదీ పెద్దదీ చేస్తూ చూశాను, అంత సంతోషం వేసింది.

తెలుగు పేజీ చేసేవాళ్లకు పాఠాల్లో దొరకని సంగతులు కొన్ని. మామూలు లైన్ హైట్‌లో మన ఒత్తులు కింది లైను గుడులను తాకుతాయి. 1.7 పెట్టాక చదవడానికి హాయిగా ఉంది. శీర్షిక పెట్టెకు కచ్చితమైన ఎత్తు ఇచ్చి పట్టనిదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ పెడితే ఒత్తులు సగానికి తెగిపోతాయి, ఎత్తును మాటలకే వదిలేయాలి. తెలుగు ఫాంట్లలో సాధారణంగా ఇటాలిక్ ఉండదు, ఈఎమ్ ట్యాగ్ పెడితే బ్రౌజర్ అక్షరాలను బలవంతంగా పక్కకు వంచుతుంది. నొక్కి చెప్పాల్సిన మాటకు నేను బొద్దు వాడాను. ఫాంట్ పేర్లలో ఇంగ్లీషు ఫాంట్ ఒక్కటే రాస్తే తెలుగు ఒక్కో పరికరంలో ఒక్కోలా కనిపిస్తుంది. నోటో సాన్స్ తెలుగు పెట్టాక అన్నిచోట్లా ఒకేలా వచ్చింది.

జులై 6న మొదటిసారి ఫోనులో చూసుకున్నాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. తీసేసిన వ్యూపోర్ట్ ట్యాగ్ గుర్తుందా? అది లేకపోతే ఫోను బ్రౌజర్ పేజీని సుమారు 980 పిక్సెల్స్ వెడల్పులో పరిచి, మొత్తాన్ని చిన్న తెరకు కుదిస్తుంది. ట్యాగ్ తిరిగి పెట్టగానే అక్షరాలు పెరిగాయి, కానీ పేజీ పక్కకు జారడం మొదలైంది. ఎక్కడో ఏదో తెరను దాటి బయటికి పొడుచుకొచ్చింది. దాన్ని పట్టుకోవడానికి అన్ని ఎలిమెంట్లకూ ఎర్ర ఔట్‌లైన్ గీయించాను. బార్డర్ పెట్టకూడదు, అది కొలతలనే మార్చేస్తుంది, ఔట్‌లైన్ మార్చదు. దొంగ ఒక బొమ్మ. బొమ్మలన్నిటికీ మ్యాక్స్-విడ్త్ 100 శాతం, హైట్ ఆటో ఇస్తే తీరిపోయింది. మీరు నాలాగా నెల ఆగకండి, మొదటి వారం నుంచే ఫోనులో చూసుకోండి.

బొమ్మల దగ్గర రెండు మాటలు. ఫోను కెమెరా తీసిన ఫొటో 4000 పిక్సెల్స్ వెడల్పు, 4 ఎంబీ ఉంది. 1200 పిక్సెల్స్‌కు తగ్గించి మళ్లీ సేవ్ చేస్తే 180 కేబీ అయింది, తెర మీద తేడా నా కంటికి తెలియలేదు. సీఎస్‌ఎస్‌తో చిన్నగా చూపించినంత మాత్రాన ఫైలు చిన్నదవదు, 4 ఎంబీ దిగాల్సిందే. రెండోది, లొకేషన్ ఆన్‌లో ఉండగా తీసిన ఫొటో ఫైలులో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా ఉంటాయి. నెట్‌లో పెట్టేముందు ప్రాపర్టీస్‌లో చూసి తొలగించాలి. ఇది నాకెవరూ చెప్పలేదు, చూసినప్పుడు గుండె జల్లుమంది.

జులై 18న జావాస్క్రిప్ట్. సెర్చ్ బాక్సులో టైపు చేస్తుంటే సరిపోయే పదాలే మిగలాలి, కావాల్సింది ఇంతే. మొదటి ఎర్ర లైను: నల్ నుంచి ప్రాపర్టీస్ చదవలేను అని. స్క్రిప్ట్ ట్యాగ్ హెడ్‌లో ఉంది, అది నడిచే సమయానికి బాక్సు ఇంకా పుట్టలేదు. ట్యాగుకు డిఫర్ అని చేరిస్తే పేజీ అంతా చదివాకే నడిచింది. ఎర్ర లైను చివర ఫైలు పేరు, లైను నంబరు ఉంటాయి, నొక్కితే నేరుగా ఆ చోటికి తీసుకెళ్తుంది. సీఎస్‌ఎస్‌తో ఐదు వారాలు గడిపిన నాకు ఇది వరంలా అనిపించింది.

ఆ తర్వాత అర్థాలన్నిటినీ సమాచారం మాత్రమే ఉండే వేరే జేసన్ ఫైలులో పెట్టి, ఫెచ్ అనే ఆదేశంతో తెప్పించబోయాను. ఎఫ్12లో ఎర్ర లైన్లు కనిపించే కన్సోల్‌లో సీఓఆర్ఎస్ అని ఎర్రర్. నేను రాసింది సరిగ్గానే ఉంది. ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి తెరిచిన పేజీ పక్క ఫైలును అలా చదవడానికి బ్రౌజర్ ఒప్పుకోదు, సర్వర్ నుంచి రావాలి. వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే మన కంప్యూటరే చిన్న సర్వర్‌లా పనిచేస్తుంది, సేవ్ చేసినప్పుడల్లా పేజీ తనే తాజా అవుతుంది కూడా. జేసన్‌లో చివరి అంశం తర్వాత కామా ఉంటే ఫైలు మొత్తం చెల్లదు, వ్యాఖ్యలు రాయడానికీ వీల్లేదు. ఈ రెండింటికీ ఒక సాయంత్రం పోయింది.

కార్డు మీద అర్థంలో మొదటి కొన్ని అక్షరాలే చూపించాలనుకుని, మాటను కోసే స్లైస్ అనే ఆదేశం వాడాను. మనకు తెలుగు అనే మాటలో మూడు అక్షరాలు, జావాస్క్రిప్ట్‌కు ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఐదు దగ్గర కోస్తే తెలుగ మిగులుతుంది. కత్తిరించే పని సీఎస్‌ఎస్‌కు అప్పగించి, రెండు లైన్లు దాటితే చుక్కలు పెట్టమన్నాను.

ఆగస్టు 13న సైటును నెట్‌లో ఉంచే గిట్‌హబ్ పేజెస్ అనే సేవలోకి ఎక్కించాను. అకౌంట్, రిపాజిటరీ (ఫైళ్లు ఉంచే చోటు), సెట్టింగ్స్‌లో పేజెస్ ఆన్ చేయడం, అంతా 40 నిమిషాలు. తెరిస్తే 404, అంటే పేజీ దొరకలేదు. మార్పులు కనిపించడానికి 10 నిమిషాల దాకా పట్టవచ్చని వాళ్ల సూచనల్లోనే ఉంది, నేనేమో ఆగకుండా ఐదుసార్లు ఎక్కించాను. 20 నిమిషాలైనా 404 పోలేదు. ఫైలు పేరులో మొదటి అక్షరం పెద్దది. అన్నీ చిన్న అక్షరాలు చేస్తే పేజీ వచ్చింది, మూడు బొమ్మలు రాలేదు. వాటి ఎక్స్‌టెన్షన్ జేపీజీ పెద్ద అక్షరాల్లో ఉంది, కోడ్‌లో చిన్న అక్షరాల్లో రాశాను. విండోస్‌కు రెండూ ఒకటే కాబట్టి నా దగ్గర అంతా బాగానే కనిపించింది, సర్వర్‌కు ఒకటి కాదు. నాలుగో బొమ్మ దారి ఏకంగా సీ డ్రైవ్ నుంచి మొదలైంది, నా కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. నెట్‌వర్క్ ట్యాబ్‌లో 404 అని ఎర్రగా ఉన్న లైన్లు చూస్తే ఏ ఫైలు రాలేదో ఒక్క చూపులో తెలుస్తుంది. ఫైళ్లకు మొదటి నుంచీ చిన్న అక్షరాలు, ఖాళీలకు బదులు హైఫన్ పెట్టుకుంటే ఈ బాధే ఉండదు.

మరుసటి రోజు రంగు మారిస్తే సైటులో పాత రంగే ఉంది. మొదటిసారి కమిట్ చేసి (మార్పును గిట్‌లో నమోదు చేసి) పుష్ చేయడం (గిట్‌హబ్‌కు పంపడం) మరిచాను. పుష్ చేశాక కూడా కొంతసేపు పాతదే, అది బ్రౌజర్ దాచుకున్న ప్రతి. కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే తాజాది వస్తుంది.

ఖర్చు విషయం: ఎడిటర్, గిట్, హోస్టింగ్ అన్నీ ఉచితమే. డబ్బు పెట్టింది సొంత డొమైన్ పేరుకు ఒక్కదానికే. కొనేముందు మొదటి ఏడాది ధర కాకుండా రెన్యూవల్ ధర చూడండి, చాలాసార్లు అదే ఎక్కువ. ఆగస్టు 16 సాయంత్రం 7 గంటలకు ఆ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డులు మార్చాను, మర్నాడు పొద్దున లేచేసరికి పేరు పనిచేస్తోంది. రికార్డులు పెట్టకముందే ఆత్రంగా ఆ పేరు తెరిచి చూడకూడదు. లేదు అన్న జవాబు కూడా కొంతకాలం దాచి ఉంచుతారు కాబట్టి మన దగ్గరే అందరికంటే ఆలస్యంగా కనిపిస్తుంది. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌కు ఇంకో మధ్యాహ్నం దాకా ఆగాల్సి వచ్చింది, అప్పటివరకు అడ్రస్ పక్కన సురక్షితం కాదు అనే హెచ్చరిక. ఈ రెండు వెయిటింగులప్పుడు ఏదీ కదపకుండా ఉండటమే మంచిది. మధ్యలో రికార్డు మారిస్తే గడియారం మళ్లీ మొదటికి వస్తుంది.

ఫారం ఒకటి పెట్టాలనుకుని మానుకున్నాను. ఇలాంటి స్థిరమైన సైటులో సబ్మిట్ నొక్కిన సమాచారాన్ని అందుకునే ప్రోగ్రాం వెనక ఉండదు, పెట్టె మాత్రమే కనిపిస్తుంది. ఈమెయిల్ లింకు ఇచ్చాను.

ఆగస్టు 23న స్నేహితుడు ఫోను చేశాడు. లెన్స్ అని కొడితే ఏమీ రావడం లేదు అన్నాడు. నా దగ్గర వస్తోంది. అతను కొట్టిన మాటనే మెసేజ్ పెట్టమని, దాన్ని కాపీ చేసి నా సెర్చ్ బాక్సులో వేస్తే నిజంగానే ఏమీ రాలేదు. రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూశాను, ఒకేలా ఉన్నాయి. కన్సోల్‌లో ఎర్ర లైను లేదు, వాలిడేటర్‌లో తప్పు లేదు. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని నిద్రపోయాను. పొద్దున రెండింటి పొడవూ కొలిచాను. నాది 6, అతనిది 7. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లుతో ముగిసే మాట చివర కంటికి కనిపించని ఒక అక్షరం వదులుతాయి. పొల్లు తర్వాతి హల్లుతో కలిసి ఒత్తుగా మారకుండా ఆపడానికి ఉన్న గుర్తు అది, యూనికోడ్‌లో 200సీ. వోల్ట్‌మీటర్ లాంటి మాటల మధ్యలో నేనే ఎన్నోసార్లు వాడాను. పోల్చేముందు జేసన్‌లోని పదం నుంచీ, టైపు చేసిన మాట నుంచీ 200సీనీ, అలాగే కనిపించని 200డీనీ తీసేసేలా ఒక్క లైను చేర్చాను. కమిట్, పుష్, ఈసారి ముట్టుకోకుండా 10 నిమిషాలు. స్నేహితుడు మళ్లీ లెన్స్ అని కొట్టాడు, కార్డు వచ్చింది.